వెలుతురు పడని అతుకు

మా బాబాయికి వెలుతురంటే పడదు. సూర్యుడితో ఆయనకే పేచీ లేదు. రెండు ఇనప పైపులు కలిసేచోట సందులోంచి తొంగిచూసే వెలుతురుతోనే యుద్ధమంతా.

మాది కంచెలు, గేట్లు చేసే షెడ్డు. బాబాయి పైపులు కోస్తాడు, నాన్న వెల్డింగ్ చేస్తాడు, నేను రంగులు వేస్తాను, ఆర్డర్లు చూసుకుంటాను. నిలువు పైపు గుండ్రటి ఒంటికి అడ్డ పైపు అతకాలంటే, అడ్డ పైపు కొసని చేప నోరులా వంపుగా కొయ్యాలి. చాలామంది ఉజ్జాయింపుగా కోసేసి, మిగిలిన సందుని వెల్డింగ్‌తో పూడ్చేస్తారు. బాబాయి కోస్తాడు, ఆనించి చూస్తాడు, అటువైపు చిన్న టార్చిలైటు పెట్టి ఇటువైపు ఒక కన్ను మూస్తాడు.

"వెలుతురు పడుతోంది!" అంటాడు, ఇంట్లో దొంగలు పడ్డట్టు. మళ్లీ ఆకురాయి అందుకుని కొస అరగదీస్తాడు.

"ఒరేయ్, అది కంచెరా! అందులో నీళ్లు నిలబెడతామా?" అని నాన్న అరుస్తాడు.

"వెలుతురు దూరిన చోట తుప్పు దూరదా అన్నయ్యా?"

రెండేళ్లుగా ఇదే వరస. పోనీ షెడ్డుతో ఆగిందా? ఇంట్లో గిన్నెల మూతలకి కూడా టార్చి వేసి చూడటం మొదలెట్టాడు. "గిన్నె సంగతి తర్వాత, ముందు మీ నోటికి మూత పెట్టండి," అనేది పిన్ని. ఓసారి కొత్త పన్ను పెట్టించుకోడానికి వెళ్లి, అద్దంలో చూసుకుని, "డాక్టరుగారూ, పక్క పంటికీ దీనికీ మధ్య వెలుతురు పడుతోంది. మీ ఆకురాయి ఇలా ఇవ్వండి, నేను చూసుకుంటా," అన్నాడట. డాక్టరు ఇవ్వలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మీ బాబాయి ఏం పని చేస్తుంటారమ్మా?" అని మాత్రం అడిగాడు.

అలాంటి మనిషిని పెట్టుకుని, బడి ఆటస్థలానికి కంచె వేసే పని ఒప్పుకున్నాం. పక్కనే లారీలు తిరిగే రోడ్డు. సెలవులు అయిపోయి పిల్లలొచ్చేలోగా కంచె నిలబడాలి. ఎనిమిది రోజులు, నూట అరవై అతుకులు. రోజుకి ఇరవై. బాబాయి పన్నెండు దాటడు.

నాలుగో రోజు, పని ఇచ్చిన కాంట్రాక్టరు బడి దగ్గరికి వచ్చాడు. చూసి, తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నువ్వు కంచె కడుతున్నావా, గడియారం చేస్తున్నావా?"

"రెండో అడ్డ పైపు చూడండి సార్, వెలుతురు పడదు."

"నాకు పిల్లలు రోడ్డు మీద పడకపోతే చాలు!"

మధ్యాహ్నానికల్లా ఆయనే పైపులు కోసే ఇంకో మనిషిని పంపించాడు. మనిషి పిప్పళ్ల బస్తాలా ఉన్నాడు, పేరడిగితే "అందరూ తుఫాను అంటారు" అన్నాడు. రెండు గంటల్లో ముప్ఫై కొసలు కోసి పారేశాడు. వాటిని ఆనిస్తే సందులో నా చిటికెన వేలు పట్టేది. బాబాయి టార్చి తియ్యనేలేదు. ఆ చివర గుంజల దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు.

నాన్న ముసుగు దించుకుని తుఫాను కోసిన మొదటి అతుకు మొదలెట్టాడు. చిటపటమంది, ఆగింది. పైపుకి చిల్లు. రెండోదీ అంతే. మూడోదానికి ఇంకా పెద్ద చిల్లు. నలభై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్న మనిషి! రంగు బ్రష్షు పట్టుకుని దగ్గరికి వెళ్లాను. రాడ్డు కొస గాలిలో వణుకుతోంది. నాన్న ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపాలని చూస్తున్నాడు. ఇంట్లో టీ గ్లాసు సగమే నింపమంటే పంచదార తగ్గిస్తున్నాడేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.

అప్పుడే కాంట్రాక్టరు వచ్చి చిల్లులు చూశాడు. "ఇదేం పని? ఎవరు చేశారిది?"

నాన్న ముసుగు ఎత్తలేదు. ఆ చివర్నుంచి బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

"నేనే సార్! అన్నయ్య అతుకుతుంటే పైపు కదిపేశాను."

"నువ్వు అక్కడెక్కడో ఉన్నావు కదయ్యా!"

"అక్కణ్నుంచే కదిపాను సార్. పైపు పొడుగ్గా ఉంది."

తుఫాను నోరు తెరవబోయాడు. బాబాయి వాడి భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. "మిగిలినవన్నీ నేను సరిచేస్తా. ఆదివారం సాయంత్రానికి ఒక్క అతుకు తక్కువైనా ఈ షెడ్డుకి మళ్లీ పనివ్వకండి."

ఇక చూడాలి ఆయన పట్టుదల. తుఫాను కొయ్యడం, బాబాయి అరగదీయడం, నేను టార్చి పట్టడం, నాన్న అతకడం. బాబాయి తిండి నిలబడే తిన్నాడు, అది కూడా ఎడం చేత్తో, ఎందుకంటే కుడి చేతిలో ఆకురాయి. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకున్నాడు. ఇక చాలన్నందుకు తుఫాను మీద కూడా కేకలేశాడు. శనివారానికి తుఫాను కూడా ఒక కన్ను మూసి, "అన్నా, పడుతోంది," అనడం మొదలెట్టాడు. నాన్న చేతిలో మళ్లీ ఒక్క చిల్లు పడలేదు.

ఆదివారం నాలుగింటికి పని అయిపోయింది. కాంట్రాక్టరు కంచెని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఆయనే ఊగాడు, కంచె ఊగలేదు. ఇంకో బడి పని కూడా ఇచ్చి వెళ్లాడు.

కుళాయి దగ్గర బాబాయి చేతులు కడుక్కుంటుంటే పట్టుకున్నాను.

"బాబాయ్, నాన్న చెయ్యి సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏ చెయ్యి?"

"బాబాయ్!"

సబ్బు చాలాసేపు రుద్దాడు. "రెండేళ్లయింది. ఆయన వెల్డింగ్ గీత నాకు తెలీదూ? ఒకరోజు వంకర పోయింది. సందు లేకపోతే రాడ్డు ఆ మూలలో ఆనుకుని దానంతటదే జారుతుందమ్మా. చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు."

"ఆ మాట చెప్పొచ్చుగా? రెండేళ్లు తిట్లు తిన్నావు!"

"ఏమని చెప్పను? అన్నయ్యా, నీ చెయ్యి పోయిందనా?"

"మరి పిన్ని గిన్నెల మూతలేం చేశాయి?"

"పైపుల దగ్గరే చూస్తే మీ నాన్నకి అనుమానం రాదూ? అన్నిచోట్లా చూస్తే పిచ్చనుకుని వదిలేస్తారు."

"పంటి డాక్టరు దగ్గర?"

బాబాయి కాస్త సిగ్గుపడ్డాడు. "అది... అప్పటికి అలవాటైపోయింది."

నవ్వాగలేదు నాకు. నవ్వుతూనే, "ఎన్నాళ్లిలా నెట్టుకొస్తావు?" అన్నాను.

"నేనూ అదే ఆలోచిస్తున్నా. రేపట్నుంచి నువ్వా బ్రష్షు పక్కన పెట్టి వెల్డింగ్ నేర్చుకో. మీ నాన్నే నేర్పుతాడు."

"నాన్న చెయ్యి అలా ఉంటే ఎలా నేర్పుతాడు?"

"చేత్తో చేసేది నువ్వు. ఆయన నోటితో నేర్పుతాడు. మీ నాన్న నోటికేం వణుకు లేదు."

ఆ మాట ఎంత నిజమో మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికల్లా మా వీధి వీధంతటికీ తెలిసిపోయింది.