కొత్తపేట దారిని తీసేసిన పింకీ

పింకీ అమలాపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేస్తుంది. తల్లి సత్తెమ్మ రాజోలు దగ్గర వరి నాట్లు వేసి ఆమెను డిప్లొమా చదివించింది. ఆఫీసులో చేరినప్పుడు ఫోన్లెత్తే పనే ఇచ్చారు. రూటరు సంగతులు తనంతట తానే చదివి నేర్చుకుంది.

ఆ వానాకాలం వింత ఫిర్యాదులు మొదలయ్యాయి. ట్యూషన్లు చెప్పే వేదవతిగారికి పాఠాల సైట్ తెరుచుకోదు, బ్యాంకు సైట్ మాత్రం చక్కగా వస్తుంది. పక్కింటి వాళ్లకు సరిగ్గా దానికి వ్యతిరేకం. మేనేజర్ విశ్వనాథ్‌గారు తన కంప్యూటర్ నుంచి పరీక్షించి, "మన లైన్ బావుందమ్మా. వైఫై పెట్టె మార్చుకోమని చెప్పెయ్" అన్నారు.

పింకీ ఆ మాటే వారం రోజులు అందరికీ చెప్పింది. వేదవతిగారు పెట్టె మార్చేశారు. ఏమీ మారలేదు.

"ఇప్పుడు కూడా తప్పు నాదేనంటావా అమ్మా?" అని ఆవిడ మెల్లగా అడిగేసరికి పింకీకి తల కొట్టేసినట్టయింది.

కంపెనీకి బయటి ఇంటర్నెట్ అందే రావులపాలెం దాకా రెండు ఫైబర్ లైన్లున్నాయి. ఒకటి కొత్తపేట మీదుగా, ఇంకొకటి పి.గన్నవరం మీదుగా. ఏది ఏ దారిన పోవాలో తేల్చే రూటరు దృష్టిలో రెండూ సమానమే కాబట్టి రద్దీని రెంటికీ పంచుతుంది. అలాగని ముక్కలుగా వెళ్లే డేటాలో ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు వేయదు. వేస్తే ముక్కలు వెనకాముందూ అయిపోతాయి. ఏ ఇంటి నెట్ చిరునామా నుంచి ఏ సైట్ చిరునామాకు వెళ్తోందో చూసి ఒక లెక్క కడుతుంది. ఆ లెక్క ఏ దారి చూపిస్తే ఆ ఇద్దరి మధ్య నడిచేదంతా ఆ దారినే పోతుంది.

పింకీ వేర్వేరు చిరునామాలకు పరీక్షలు పంపింది. గన్నవరం దారిన పడ్డవన్నీ చేరాయి. కొత్తపేట దారిన పడ్డవాటిలో సగం మధ్యలోనే పోయాయి.

"ఒకటి పాడైతే అందరికీ సగం పోవాలి కదా. నాకెందుకు బావుంది?" అన్నారు విశ్వనాథ్‌గారు.

"మీరు రోజూ ఒకే చోటు నుంచి ఒకే చోటికి చూస్తున్నారండీ. అది ప్రతిసారీ గన్నవరం మీంచే పోతుంది."

"కొత్తపేట లైన్ ఆపితే మొత్తం ఒక్కదాని మీద పడుద్ది. సాయంత్రం అందరికీ నెమ్మదైపోద్ది."

"అందరికీ కాస్త నెమ్మదైతే సర్దుకుంటారండీ. కొందరికి అసలే రాకుండా చేసి, తప్పు వాళ్లదేనని నేనింక చెప్పనండీ."

"చెప్పకపోతే ఇంటికెళ్లు."

ఆమె వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన చూస్తుండగానే కొత్తపేట దారిని పంపకంలోంచి తీసేసింది. వెంటనే వేదవతిగారికి ఫోన్ చేసింది.

"ఇప్పుడు చూడండి మేడమ్."

వేదవతిగారు పాఠాల సైట్ తెరిచి చూశారు. తర్వాత, "ఆయ్, వచ్చిందమ్మా" అన్నారావిడ.

కొత్తపేట కాలవగట్టు మీద ఫైబర్ అతుకు వేసిన పెట్టెలో నీళ్లు చేరాయని లైన్‌మన్ కనిపెట్టాడు. బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ ఊరంతా నెట్ నెమ్మదిగానే నడిచింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ పింకీ తప్పు కంపెనీదేనని చెప్పింది.

అనుమతి లేకుండా రూటరు ముట్టుకున్నందుకు విశ్వనాథ్‌గారు సంజాయిషీ రాసిమ్మన్నారు. ఆమె రెండు వాక్యాలు రాసింది: "ముట్టుకున్నాను. మళ్లీ అలాంటి అవసరమొస్తే మళ్లీ ముట్టుకుంటాను."

ఆయన కాగితం తిరగేసి చూశారు. "క్షమించమని ఎక్కడా లేదేంటమ్మా?"

"లేదండీ" అంది పింకీ.