అత్తయ్య బిళ్ల

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని నేను తెగ ఏడిపించేవాణ్ణి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే తప్పు రెండోసారి వచ్చిందంటే దానికి కారణం ఉండి తీరాలి, వెతికితే దొరికి తీరాలి. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

కరోనాకి ముందు, అత్తయ్య ఐర్లాండ్ వస్తారని షానన్ నది మీద చిన్న ఓడలో నాలుగు రోజుల విహారానికి ముగ్గురికి బుక్ చేశాను. లాక్‌డౌన్‌తో వాయిదా పడింది. రెండో వేవ్‌లో రాజమండ్రిలో అత్తయ్య పోయారు. మాకు వెళ్లే దారి లేదు. మా ఆవిడ సుజాత వాళ్లమ్మ అంత్యక్రియల్ని ఇక్కడ ఐర్లాండ్‌లో, క్లాండాల్కిన్‌లోని మా వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూసింది. ఆ తర్వాత గడప దాటడం మానేసింది. తిండి కూడా మొక్కుబడిగానే. మనిషి నాకు దక్కదేమోనని భయమేసింది.

ఆ వేసవిలో ఓడలు మళ్లీ మొదలయ్యాయి. బతిమాలి తీసుకెళ్లాను. బుకింగ్‌లో అత్తయ్య పేరు మాత్రం కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

అత్లోన్ అనే ఊళ్లో ఓడ ఎక్కాం. సగం గదులు ఖాళీ, అందరికీ మాస్కులు. తలుపు పక్కన పలక మీద ప్రయాణికుల పేర్లతో చెక్క బిళ్లలు వేలాడుతున్నాయి. ఒడ్డుకి దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు ఎరుపు వైపుకి తిప్పాలి, తిరిగొచ్చాక ఆకుపచ్చకి. అన్నీ ఆకుపచ్చ అయితేనే ఓడ కదులుతుంది. మా బిళ్లల పక్కనే అత్తయ్యదీ ఉంది, ‘అన్నపూర్ణ’ అని.

మొదటి రోజు పాత మఠం చూడ్డానికి దించారు. సుజాత గది వదిలి రానంది. అందరికంటే ముందు తలుపు దగ్గరికి వెళ్లింది నేనే. అత్తయ్య బిళ్ల అప్పటికే ఎరుపు. ఎక్కడికి బయల్దేరినా ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడే మనిషి ఆవిడ. తిరిగొచ్చాక కూడా ఎరుపే. ముసలి కెప్టెన్‌కి సంగతంతా చెప్పాను. “షీజ్ గ్రాండ్”, ఆవిడకేం ఫర్వాలేదు, అంటూ ఆయనే తిప్పేశాడు. రెండో రోజూ అంతే.

గాలికేమోనని తలుపు తెరిచి చూశాను, మూసి చూశాను, ఊది కూడా చూశాను. బిళ్ల తిరగలేదు. మూడో రోజు పొద్దున మళ్లీ ఎరుపు. ఇక దాచలేక సుజాతని పిలిచి చూపించి, జరిగిందంతా చెప్పాను.

బిళ్ల మీద వాళ్లమ్మ పేరుని వేలితో తడిమింది. “మూడ్రోజుల్నించీ అమ్మ ఒక్కతే తిరుగుతోందా?” అంది. తన బిళ్ల తిప్పి బూట్లు తొడుక్కుంది.

ఆ రోజు ఒడ్డున చిన్న ఊరంతా తిరిగాం. ఎండ కాసింది. సుజాత బన్నులాంటి స్కోన్ ఒకటి మొత్తం తిని ఇంకోటి అడిగింది. కాసేపు ఏడ్చింది. ఇక్కడి టీని వాళ్లమ్మ ఎన్ని మాటలనేదో చెప్పి నవ్వింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఓడలోకి ముందుగా తిరిగొచ్చింది మేమే. అత్తయ్య బిళ్ల ఆకుపచ్చగా ఉంది. కెప్టెన్ తను ముట్టుకోలేదన్నాడు. దిగిపోయే రోజు ఆ బిళ్ల తీసి సుజాత చేతిలో పెట్టాడు.

ఇప్పుడది మా వంటింటి ప్రెస్‌కి, అదే, అల్మరా తలుపుకి వేలాడుతుంటుంది. ఎప్పుడూ ఆకుపచ్చే. పోయిన వారం మేమిద్దరం గాల్వే ఊరికి బయల్దేరుతూ చూస్తే ఎరుపు. నేను తిప్పలేదు. సుజాత తనూ కాదంది. కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

కారు వెనక సీట్లో ఉన్న నా బ్యాగు తీసి డిక్కీలో పెట్టాను, బయల్దేరాం.