బేసరి పక్కనుంచి పోయే గాలి

నవంబరు, రెండో శుక్రవారం. అనంతగిరి. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమెకు సాయంగా వచ్చి మా దగ్గరే ఉంటున్న ఆమె చెల్లెలు, విశాఖ నుంచి మిషన్ తెచ్చిన మనిషి.

పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక నా భార్య గట్టిగా గురకపెడుతుంటే హాయిగా నిద్రపోతోందనుకున్నాం. విశాఖలో నిద్ర పరీక్ష చేయించాకగాని గురక మధ్యలో ఊపిరే ఆగిపోతోందని తెలియలేదు. అలా వదిలేస్తే పక్షవాతం మళ్లీ రావచ్చన్నాడు డాక్టరు. రాత్రిళ్లు ముక్కుకి మాస్కు తగిలించి గాలి పంపే మిషన్ రాశాడు.

మాస్కు పెట్టగానే ఎడమపక్క నుంచి బుస్సుమని గాలి పోయింది. పట్టీలు బిగించినా అంతే. ఆమె ముక్కుకి ఆ పక్కన పావలా బిళ్లంత బేసరి ఉంది. పెళ్లిలో పెట్టింది.

“అది తీసేస్తే సరిపోద్ది సార్,” అన్నాడు మిషన్ మనిషి.

“అది తియ్యాలంటే ముందు నువ్వు పోవాల బావా,” అంది మరదలు. నా భార్య సగం పెదవితో నవ్వింది.

“నాకేం కాదు. తీసెయ్,” అన్నాను.

“వద్దు,” అంది. పక్షవాతం ఆమెకు మిగిల్చింది రెండు మాటలు. అందులో అదొకటి.

“ఇంకో రకం మాస్కు లేదేటి?” అని అడిగింది మరదలు.

“తెప్పించాలమ్మా. పది రోజులవుద్ది.”

అతను బస్సుకి వెళ్లిపోయాడు. రాత్రి నా భార్య నిద్రపోయాక బేసరి శీల తిప్పబోయాను. పనిచేసే ఆ ఒక్క చేత్తో నా మణికట్టు పట్టుకుంది. కళ్లు తెరవకుండానే “ఏమండీ” అంది. రెండో మాట అదే.

మాస్కు మళ్లీ తగిలించి, దాని అంచుని బేసరి మీద బొటనవేలితో నొక్కితే బుస ఆగింది. వేలు తీస్తే మళ్లీ మొదలైంది. అలాగే నొక్కుకుని కూర్చున్నాను. రోజూ రాసే డైరీ ఆ రాత్రి తెరవలేదు; ఇదంతా తర్వాత రాసిందే.

తెల్లారి మరదలు గ్లాసుతో చోడి అంబలి తెచ్చి నన్ను లేపింది. నా తల మంచం పట్టె మీద ఉంది. మాస్కు దిండు పక్కన పడి ఉంది.

“ఏటి బావా, ఇద్దరూ పోటీపడి గురకెట్టినారు. ఏది ఎవరిదో తెలీలేదు.”

నా భార్య కళ్లు తెరిచి ముందు ముక్కు తడుముకుంది. బేసరి ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన చేతికి మరదలు వ్యాయామం మొదలుపెట్టింది. మూడోసారి చెయ్యి ఎత్తేలోపే తల వాలిపోయింది. గురక మొదలైంది, ఆగింది. నేను అంబలి గ్లాసు కింద పెట్టి, మాస్కు తేవడానికి లేచాను.