రిపేరుకు వదిలిన గుండె

ఆ కుట్టుమిషన్ల మెకానిక్‌కు ఒక నియమం ఉంది. "మీ కొట్టుకొచ్చేసరికి చప్పుడు ఆగిపోయిందండీ" అంటూ ఎవరైనా మిషన్ తెస్తే, "ఇక్కడ వదిలెళ్ళండి. చప్పుడు చేసినప్పుడు పట్టుకుంటా" అంటాడు.

ఆయన గుండెదీ అదే తంతు. బాబిన్‌కు దారం చుడుతూ కూర్చున్నవాడికి ఉన్నట్టుండి, స్విచ్ వేసినట్టు, దడదడలాడేది. లెక్కపెట్టబోతే అంకెలు వెనకబడేవి. కాసేపటికి అలాగే టక్కున సర్దుకునేది. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి బుద్ధిగా డెబ్భై రెండు. మూడుసార్లు ఈసీజీ తీశారు. మూడుసార్లూ వంకపెట్టడానికి లేకుండా వచ్చింది.

"బావది గుండెజబ్బు కాదే అక్కా, పనిదొంగ జబ్బు," అన్నాడు బావమరిది.

భార్య నవ్వలేదు. కాదని కూడా అనలేదు. ఆ రెండోదే ఆయనకు ముల్లులా దిగింది.

"అది వచ్చినప్పుడు కాగితం మీద పడితేనే ఏమిటో చెప్పగలను," అంది డాక్టరమ్మ.

మర్నాడు పనిముట్ల పెట్టెతో సహా వెళ్ళి ఆసుపత్రి వరండాలో తిష్ఠ వేశాడు.

"ఎవరి కోసం?" అంది నర్సు.

"నన్ను నేనే వదిలిపెట్టుకుంటున్నానమ్మా. చప్పుడు చేసినప్పుడు పట్టుకోండి."

నాలుగు రోజుల్లో ఆసుపత్రి దుప్పట్లు కుట్టే గదిలోని మిషన్లన్నీ బాగయ్యాయి. ఆయాలు ఇళ్ళనుంచి తమవీ మోసుకొచ్చారు. గుండె మాత్రం ఉలకలేదు, పలకలేదు.

తొమ్మిదో రోజు, క్యారియర్ తెచ్చిన భార్య ఎదుటే మొదలైంది.

"వచ్చిందీ!" అని అరిచాడు, పోయిన మేక దొరికినట్టు. నర్సు ఈసీజీ తీగలతో పరుగెత్తుకొచ్చింది. చన్నీళ్ళు మొహాన చల్లితే ఒక్కోసారి ఆగుతుందని భార్యకు తెలుసు. సీసా ఎత్తింది.

"ఆగవే తల్లీ! కాగితం రానీ!"

"మనిషి పోయేట్టుంటే కాగితమేమిటండీ!"

"మీరు దగ్గకండి, ముక్కకండి! దానికీ ఆగిపోతుంది!" అని గదమాయించింది నర్సు.

కాగితం వచ్చింది. నిమిషానికి నూట తొంభై నాలుగు. డాక్టరమ్మ మందు ఎక్కించి ఆ దడ ఆపింది. తర్వాత బొమ్మ గీసింది. "గుండెలో కరెంటు పోవడానికి ఒక దారుంటుంది. మీకు పుట్టుకతోనే ఇంకోటి అదనంగా ఉంది. కరెంటు దాంట్లోంచి వెనక్కొచ్చి గిరగిరా తిరుగుతోంది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, ఆ దారిని కాల్చేయొచ్చు."

ఆయన కాగితాన్ని భార్య చేతిలో పెట్టాడు. "చూడు. పనిదొంగనా?"

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. గీతలు అర్థం కాలేదు. "నేను కూడా నమ్మలేదండీ," అంది, తలెత్తకుండా.

గెలిచానని పొంగిపోబోయాడు. "కాల్చేయొచ్చు" అన్న మాట అప్పుడు చెవికెక్కింది. ఇన్నాళ్ళకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

"ఏదీ డాక్టరమ్మా, ఆ దారి ఇంకోసారి చూపించండి."

భార్య కూడా కుర్చీ దగ్గరకు లాక్కుంది.