లైట్‌హౌస్ దొరసానికి తాండూరు బదిలీ

మా మొగులప్పతో ఏ మాటైనా మొదలుపెట్టండి, మూడో మాటకల్లా మిమ్మల్ని తీసుకుపోయి సముద్రం ఒడ్డున నిలబెడతాడు. కందిపప్పు ధర అడిగినా అంతే, కోడలు అలిగిందన్నా అంతే. తాండూరులో పుట్టి, బండలు పరిచే మేస్త్రీగా తాండూరులోనే ముసలివాడైన మనిషికి సముద్రంతో ఏం పని అంటారా? వయసులో ఉన్నప్పుడు ఒక లారీ బండలతోపాటు కోస్తాకు పోయి, ఎక్కడో లైట్‌హౌస్‌లో కింది గదులకు బండలు పరిచి వచ్చాడు. అక్కడ ఉన్నది ఒక్క వానాకాలం. ఆ ముచ్చట మాత్రం ఇప్పటికీ అయిపోలేదు.

ఒకరోజు నేను వికారాబాద్ ఆస్పత్రిలో చూపించుకొని వచ్చి వాళ్ల అరుగు మీద కూలబడ్డాను.

"ఏమాయె ఇంద్రమ్మక్కా, మొఖం గట్ల పెట్టినవ్?"

"షుగరంట మొగులప్పా. తీపి బందు పెట్టమన్నడు డాక్టరు."

"గా లైట్‌హౌస్ దొరకు గూడ షుగరే అక్కా."

"నువ్వు చూసినవా?"

"నేనేడ చూస్త? నేను పుట్టకముందే పాయె."

లోపలి నుంచి వాళ్లావిడ నాగరాణి అందుకుంది. "గా దొరకు రోగాలు మస్తు అక్కా. పోయినవారం నా మోకాళ్లు నొస్తున్నయంటే, దొరకు గూడ మోకాళ్లే నొచ్చెనట."

దొర సంగతి వదిలేయండి. అసలు ముచ్చట దొరసానిది. వెనుకటి రోజుల్లో ఆ లైట్‌హౌస్ నెత్తిన నూనె దీపం ఉండేదట. దాన్ని కనిపెట్టుకొని ఉండేది ఒక తెల్లదొర, అతని భార్య. తుఫానులో చిక్కిన చేపల పడవల కోసం దొర పోయాడు, తిరిగి రాలేదు. దొరసాని మాత్రం దీపం ఆరనివ్వలేదు. నూనె మోసుకుంటూ మెట్లెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. తెల్లారి జనం వచ్చి చూస్తే దీపం వెలుగుతూనే ఉంది, ఆమె లేదు. అప్పటినుంచి గాలి లేచినప్పుడల్లా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుందట, నూనె వాసన వస్తుందట.

"నేను పరిచిన బండ మీద గూడ నడిచింది అక్కా. పొద్దుగాల లేసి చూస్తే బండ ఒక దిక్కు కుంగింది" అన్నాడు.

"నువ్వు వంకర పరిచి దొరసాని మీద పెట్టినవ్ కావచ్చు" అన్నాను.

ఆ ఒక్క మాటకు మాత్రం మొగులప్ప సముద్రం దాకా పోలేదు. లోపలికి తిరిగి, అక్కకు చాయ్ పెట్టమని నాగరాణిని కేకేశాడు.

దొరసాని అక్కడే ఉంటే మాకేం నష్టం లేదు. ఆమె మొగులప్ప పనిముట్ల సంచిలో కూర్చొని తాండూరు వచ్చిందట. వచ్చి మొదట బడి వెనక, తలుపు ఊడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌లో కాపురం పెట్టింది. బంతి అటు పోతే పిల్లలు దానికి దండం పెట్టి ఇంటికి వచ్చేవాళ్లు. తలుపు బిగించాక ఆమె రైలు పట్టాల దగ్గర గోడకు పడ్డ సందుకు మారింది. ఆ సందు మూశారు. అక్కడినుంచి తిన్నగా మా వాడ వెనక, బండలు తీసి వదిలేసిన గుంతకు వచ్చింది.

"నీ దయ్యానిది సర్కారు నౌకరా? గిన్ని బదిలీలేంది?" అని అడిగాను.

"మరేమనుకున్నవ్ అక్కా, పర్మనెంటు."

గుంత నీళ్లలో లాంతరు పట్టుకొని కూర్చుంటుందని, దిగిన పిల్లల కాళ్లు గుంజుతుందని పిల్లలందరికీ చెప్పాడు. మా మనవరాలు హాసిని పొద్దుగూకితే నా కొంగు వదలడం మానేసింది. నేను స్నానానికి పోయినా తలుపు బయట నిలబడి, "నానమ్మా, ఉన్నవా?" అని అడిగేది. నాకు ఒళ్లు మండి మొగులప్ప ఇంటి మీదికి పోయాను.

"అమాస లోపల నీ దయ్యాన్ని తీసెయ్యి. లేకుంటే అనంతగిరి గుడికి తోలుకపోయి నీకే గుండు కొట్టిస్త."

"గిప్పుడు కుదరదక్కా. గుంత నిండ నీళ్లున్నయ్. బదిలీలు బందు."

ఎండాకాలం సెలవులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం లేచి చూస్తే హాసిని ఇంట్లో లేదు. తీగ మీద ఆరేసిన తువ్వాల కూడా లేదు. వాడలో ఒక్క పిల్ల చప్పుడు లేదు. ఎదురింటామె, "ఈతకని గుంత దిక్కు పోయిన్రు" అంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికాను. దారిలో నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, తెలియని దేవుళ్లను కూడా పిలిచాను.

గుంత దగ్గర మగవాళ్లు తాళ్లు పట్టుకొని నిలబడి ఉన్నారు. అప్పుడు చూశాను, దూరంగా బండల కుప్ప మీద పిల్లలంతా వరసగా కూర్చొని ఉన్నారు. హాసిని మెడలో తువ్వాల పొడిగా ఉంది.

నీళ్లలో పడింది గొర్లు కాసే బీరన్న పొట్టేలు. గుంత అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి, గిట్ట మోపడానికి ఇంత జాగా లేదు. ఈత వచ్చిన పొట్టేలు కూడా గోడ చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయింది. అంతమంది కలిసి గుంజితే గాని పైకి రాలేదు.

"దిగుదామనే ఒచ్చినం నానమ్మా" అంది హాసిని. "అంచు కాడికి పోతే దొరసాని యాదికొచ్చింది. ఎన్కకు జరిగినం. పొట్టేలుకు గా ముచ్చట తెల్వదు గద."

ఆ రాత్రి తిట్లేమీ నా నోటికి రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్, పట్టాలు, గుంత ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకు వచ్చాయి. తెల్లారి నువ్వుల లడ్డూలు చేసి డబ్బాలో పెట్టుకొని మొగులప్ప దగ్గరికి పోయాను.

"నిజం చెప్పు. గా దొరసాని ఆడ కాళ్లు గుంజుతదా?"

"ఏడ గుంజుతది అక్కా. రాళ్లున్న కాడికి పడవలు రాకుంట లాంతరు ఊపుతది. లైట్‌హౌస్ పని గదే, ఇటు రాకుండ్రి అని చెప్పుడు. పిల్లగాండ్లకు గట్ల చెప్తే ఇంటరా? అందుకే జర గుంజిపిచ్చిన."

"ముందుగాల నాకన్న చెప్తే ఏంబోయె?"

"నీకు చెప్తే వాడంత తెలుస్తది."

అది మాత్రం నిజం.

వారం తిరగకముందే వాడంతా కలిసి గుంత చుట్టూ నిలువు బండలు పాతాం. బీరన్న బండలు మోశాడు. మొగులప్ప దగ్గరుండి పాతించాడు, ఒక్క బండ కూడా వంకర పోలేదు. పని అయ్యాక అందరికీ పెడదామని మళ్లీ చేసి తెచ్చిన లడ్డూల డబ్బా తీశాను. మొగులప్ప మూత ఎత్తి చూశాడు. డబ్బాలో ఒక మూల ఖాళీగా ఉంది. నా మూతి మీద నువ్వులు ఉన్నాయి.

"గుంతల పని అయిపాయె అక్కా. దొరసానికి మల్ల బదిలీ ఒచ్చింది."

"ఏడికి?"

"మీ ఇంట్లకు. లడ్డూల డబ్బలకు."

హాసిని డబ్బా లాక్కొని ఒళ్లో పెట్టుకుంది. నేను ఆ ముసలోణ్ని నోరారా తిట్టాను. కానీ ఇప్పుడు ఎవరూ లేకుండా చూసి, డబ్బా పెట్టిన అలమారా తలుపు మీద చెయ్యి వేస్తే చాలు, నాకు కూడా నూనె వాసన వస్తున్నది. వాడు చల్లగుండ.