మైకక్క సాక్ష్యం

నన్ను వీధిలో అందరూ మైకక్క అంటారు. మూడు కుట్టుమిషన్లు ఒకేసారి నడిచే కొట్టు నాది. ఆ మోత మీద "కాజాలు అయ్యాయా?" అని అరిచి అరిచి గొంతు ఇలా తయారైంది. నేను గుసగుసలాడితే పక్కవీధి వాళ్ళు జవాబు చెబుతారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదే" అని మా అమ్మ తల బాదుకునేది. నా నోరు ఎటూ బాగుపడలేదు.

యుద్ధం రోజుల్లో మా కుళాయి పక్కనున్న బడిలో ప్రభుత్వ సైనికులు దిగారు. నీళ్ళకెళ్ళే ఆడపిల్లల దారికి అడ్డం నిలబడేవారు, చేతులు పట్టి లాగేవారు. నేను సరాసరి మా ఊరి ప్రభుత్వ అధికారి గదిలోకి వెళ్ళి, "అయ్యా, ఆ శిబిరం అక్కణ్ణుంచి తీయించండి, లేదా కాపలా పెట్టించండి. రేపేదైనా జరిగితే పూచీ మీదే!" అన్నాను. ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ వారంలోనే సైనికులు మా చెల్లిని చెరిచారు.

ఏళ్ళు గడిచాక, యుద్ధంలో జరిగిన అఘాయిత్యాల మీద విచారణ సంఘం వచ్చింది. ప్రభుత్వానికి ముందే తెలుసని తేలితే తప్పు ప్రభుత్వానిదీ అవుతుంది. తేలకపోతే ఎవరో తాగుబోతుల పనిగా మిగిలిపోతుంది. చెల్లి తన మాట తను వణక్కుండా చెప్పి కూర్చుంది. తర్వాత అధికారి లేచి, "నా దగ్గరికి ఎవరూ రాలేదండీ. వస్తే ఊరుకుంటానా?" అన్నాడు.

ఇక నా వంతు. ఇస్త్రీ బట్టల్లో వీరనారిలా వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదే! ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

"కాస్త గట్టిగా చెప్పమ్మా, వినపడటం లేదు" అన్నారు న్యాయమూర్తిగారు.

జన్మలో నన్ను ఆ మాట అన్నది ఆవిడొక్కరే! నవ్వొచ్చింది, దాంతోపాటు గొంతూ వచ్చింది. "అయ్యా, ఆ శిబిరం అక్కణ్ణుంచి తీయించండి!" అని అప్పటిలాగే అరిచాను.

అధికారి ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు. "అబ్బబ్బ, ఏం గొంతమ్మా! ఆ రోజూ ఇలాగే..." అని నాలుక కరుచుకున్నాడు.

"రాసుకోండి" అన్నారు న్యాయమూర్తిగారు.

నాకు గంతులేయాలనిపించింది. బుద్ధిలేనిదాన్ని, చెల్లి వైపు తిరిగి కన్ను కూడా కొట్టాను.

చెల్లి నవ్వలేదు. "ఫోన్‌లో ఉన్నాడు కదా, వినపడలేదేమో అని సర్దిచెప్పుకున్నానక్కా ఇన్నాళ్ళూ" అంది. "వినే ఊరుకున్నాడన్నమాట."