అమ్మమ్మ చేసిన అబద్ధపు బొమ్మ

మా అమ్మమ్మ బొంగ్సిమ్ చేసినన్ని రొమ్ములు దేవుడు కూడా చేసి ఉండడు. చేసినా, ఆయనవి ఇంత సహజంగా జారవు.

మా ఊళ్లో అందరూ కిమ్చి పచ్చడి ఊరవేసే మట్టి జాడీలు చేస్తారు. అమ్మమ్మ కూడా చేస్తుంది. కానీ జాడీ కోసమని పేర్చిన మట్టి ఆమె చేతిలో పొట్ట అయిపోతుంది, పొట్ట కింద తొడలొస్తాయి. పోలికలన్నీ ఊరి స్నానశాలలోవే. అక్కడ ఆడవాళ్లం బట్టలన్నీ విప్పేసి వేడినీళ్లలో నాని, ఒకరి వీపు ఒకరం రుద్దుకుంటాం. అమ్మమ్మ రుద్దుతూ చూసేది. పక్కింటి జొమ్నే పొట్ట మీది కాన్పు కుట్లు, నలుగురికి పాలిచ్చిన బియ్యం కొట్టావిడ ఖాళీ రొమ్ములు, అన్నీ మట్టిలోకి దిగాయి. స్నానశాల యజమానురాలు ఆ బొమ్మల్ని బట్టలు మార్చుకునే గదిలో వరసగా పెట్టింది. ఏది ఎవరిదో గుర్తుపట్టి, అక్కడ అమ్మే ఉడికిన గుడ్లు ఒలుచుకు తింటూ అందరూ పడీపడీ నవ్వారు.

పోయినేడు జబ్బు చేసి డాక్టర్లు అమ్మమ్మ ఎడమ రొమ్ము తీసేశారు. అప్పట్నుంచి స్నానశాలకు వెళ్లడం మానేసింది. ఒకసారి జలుబంది, ఒకసారి నీళ్లు మరీ వేడంది. ఇంట్లోనే గడియ పెట్టుకుని నీళ్లు పోసుకునేది. వీపు రుద్దుతానన్నా నన్ను రానివ్వలేదు.

ఈ వసంతంలో యజమానురాలు, నీ బొమ్మ ఒక్కటే లేదని కబురు పెట్టింది. అమ్మమ్మ చేసింది. రెండు రొమ్ములతో, అవీ నిండుగా. ఈవిడెవరు, మనకేమైనా చుట్టమా అని అడిగాను. చుట్టమే, నోరు ముయ్యి అంది.

బొమ్మ ఇంకా పచ్చిగా ఉండగానే జొమ్నే ముల్లంగి కిమ్చి పట్టుకొచ్చి చూసింది.

"మా కుట్లు ఒక్కటి కూడా వదల్లేదు గదా అక్కా. నీ వంతు వచ్చేసరికి పెళ్లికూతురివైపోయావా?"

అమ్మమ్మ మెడ దాకా ఎర్రబడింది. మట్టి చేతులు ఒళ్లో దాచుకుంది. "మీవి పిల్లల్ని కన్న గుర్తులు. నాది రోగం. దాన్ని ఎవరికని చూపించుకోను?"

"నీ అంత గట్టిగా నా వీపు ఎవరూ రుద్దట్లేదు," అని జొమ్నే కిమ్చి గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

అమ్మమ్మ మట్టి కోసే తీగ తీసింది. బొమ్మ ఎడమ రొమ్ము కోసేసి, ఆ చోట బొటనవేలి గోటితో గీత దిద్దింది. దిద్దుతున్నంతసేపూ నావైపు వీపు పెట్టుకునే కూర్చుంది.

శనివారం నాతో స్నానశాలకొచ్చింది. గోడవైపు తిరిగి చొక్కా విప్పింది గాని, గుండెలకు అదుముకున్న తువ్వాలు వదల్లేదు. జొమ్నే వచ్చి, మాటామంతీ లేకుండా, తన వీపు అమ్మమ్మ ముందు పెట్టి కూర్చుంది. గట్టిగా రుద్దాలంటే రెండు చేతులూ కావాలి. తువ్వాలు జారింది. అమ్మమ్మ తలెత్తకుండా రుద్దుతూనే ఉంది.

నేను వెనక్కి చేరి, నీ గురించి రాస్తున్నాను, దేవుడికంటే గొప్పదానివని రాశానని చెవిలో చెప్పాను.

"రాతలు తర్వాత. గరుకు గుడ్డ తీసుకుని నా వీపు రుద్దు."